పాత ఎస్‌ఎస్‌డీని అలాగే తీసి కొత్త కంప్యూటర్‌లో పెడితే విండోస్ లేస్తుందా?

పేజీలమనిషి అడిగారు:

పుస్తకాలకు పేజీలు పెట్టడం నా పని. పదకొండేళ్లుగా ఒకటే మెషీన్. ఐ5 4460, హెచ్81 బోర్డు, 8 జీబీ ర్యామ్. మొదట్లో 1 టీబీ హార్డ్ డిస్క్ ఒక్కటే ఉండేది, విండోస్ 7 దాని మీదే. తర్వాత విండోస్ 10కి ఉచితంగా అప్‌గ్రేడ్ చేశాను. 2019లో 250 జీబీ శాటా ఎస్‌ఎస్‌డీ కొని, తెలిసిన ఒకాయన చేత పెట్టించి విండోస్ 10 దాని మీదికి వేయించాను. ఇన్నేళ్లూ ఒక్క ఇబ్బంది లేదు.

రెండు నెలల నుంచి రోజుకు రెండుసార్లు ఉన్నట్టుండి రీస్టార్ట్ అవుతోంది. ర్యామ్ మార్చాను, పవర్ సప్లై మార్చాను. చివరికి బోర్డుదే తప్పని తేలింది. కొత్తగా ఐ5 12400, బీ660 బోర్డు, 16 జీబీ ర్యామ్ తీసుకున్నాను. విడిగా గ్రాఫిక్స్ కార్డ్ లేదు, ప్రాసెసర్‌లో ఉన్నదే.

పాత ఎస్‌ఎస్‌డీని విప్పి కొత్తదానిలో బిగిస్తే విండోస్ ఎప్పటిలాగే వస్తుందా? ఎక్స్‌పీ రోజుల్లో ఒకసారి ఇలాగే చేస్తే నీలితెర మీద 7బీ అనే ఎర్రర్ వచ్చి, రాత్రంతా కూర్చోవాల్సి వచ్చింది. ఆ భయం ఇంకా పోలేదు.

ఫ్రెష్‌గా వేసుకోమని దయచేసి చెప్పకండి. పేజ్‌మేకర్ 7, యూఎస్‌బీ డాంగిల్‌తో నడిచే కీబోర్డ్ సాఫ్ట్‌వేర్, నాలుగు వందల పైచిలుకు ఫాంట్లు ఉన్నాయి. ఏ ఫాంట్ ఏ వెర్షనో నాకే గుర్తు లేదు. ఇన్‌స్టాలర్ సీడీ గీతలు పడి చదవడం మానేసి చాలా కాలమైంది. ఒక్క ఫాంట్ వేరే వెర్షన్ వచ్చిందంటే 300 పేజీల పుస్తకంలో లైన్లన్నీ జారిపోతాయి. వత్తు ఒక చోట, అక్షరం ఒక చోట. ప్రస్తుతం 312 పేజీల పుస్తకం ఒకటి చేతిలో ఉంది, సగం ప్రూఫులు అయ్యాయి.

క్లీన్‌స్లేట్ రాశారు:

సార్, మీరు వద్దన్నా చెప్తున్నా. ఫ్రెష్ ఇన్‌స్టాలే బెస్ట్. పాత డ్రైవర్ల చెత్తంతా మోసుకెళ్లడం ఎందుకు? గంట పని. ఫాంట్స్ ఫోల్డర్ కాపీ చేసుకుంటే సరిపోతుంది కదా.

పేజీలమనిషి రాశారు:

గంట పని విండోస్‌కి బాబూ. నాకు నెల పని. ఫాంట్లు కాపీ అవుతాయి. డాంగిల్ సాఫ్ట్‌వేర్ కాపీ అవదు.

స్క్రూడ్రైవర్ రాశారు:

పేజీలమనిషి గారూ, ఎక్స్‌పీ నాటి భయం చాలావరకు వదిలేయొచ్చు. అప్పట్లో డిస్క్ కంట్రోలర్ మారితే దాని డ్రైవర్ విండోస్‌లో ముందే లేకపోతే సొంత డిస్క్‌నే అది చదవలేకపోయేది. ఆ 7బీ అదే. విండోస్ 10లో మామూలు శాటా డిస్కులకీ, ఎన్‌వీఎంఈ అనే కొత్త రకం ఎస్‌ఎస్‌డీలకీ డ్రైవర్లు ముందే ఉంటాయి. కొత్త బోర్డు కనిపించగానే అదే సర్దుకుంటుంది. నేను ఇంటెల్ నుంచి ఏఎండీకి కూడా ఇలా మార్చాను.

మీ విషయంలో నాకు అనుమానం వేరే చోట ఉంది. ఇంకా ఏదీ విప్పకండి. స్టార్ట్ బటన్ మీద రైట్ క్లిక్ చేసి డిస్క్ మేనేజ్‌మెంట్ తెరవండి. కింద ప్రతి పార్టిషన్ పెట్టెలో కొన్ని మాటలు ఉంటాయి. "సిస్టమ్" అనీ "యాక్టివ్" అనీ ఏ డిస్క్ వరసలో ఉందో చూసి, ఉన్నదున్నట్టు ఇక్కడ రాయండి. ఎస్‌ఎస్‌డీ మీద రైట్ క్లిక్, ప్రాపర్టీస్, వాల్యూమ్స్‌లో ఎంబీఆర్ అని ఉందో జీపీటీ అని ఉందో కూడా చూడండి. డిస్క్‌ని పార్టిషన్లుగా విడగొట్టే పద్ధతులవి, మొదటిది పాతది, రెండోది కొత్తది.

పేజీలమనిషి రాశారు:

చూశాను. డిస్క్ 0 అంటే ఎస్‌ఎస్‌డీ. అందులో సీ ఒక్కటే ఉంది. "బూట్, పేజ్ ఫైల్, క్రాష్ డంప్, ప్రైమరీ పార్టిషన్" అని రాసి ఉంది. డిస్క్ 1 పాత హార్డ్ డిస్క్. అందులో ముందు "సిస్టమ్ రిజర్వ్‌డ్" అని 100 ఎంబీ ముక్క, దాని కింద "సిస్టమ్, యాక్టివ్, ప్రైమరీ పార్టిషన్". ఆ తర్వాత డీ. ఎస్‌ఎస్‌డీ ఎంబీఆరే.

ఎస్‌ఎస్‌డీ వరసలో "బూట్" అని ఉంది కాబట్టి అది బాగానే ఉన్నట్టే కదా?

స్క్రూడ్రైవర్ రాశారు:

అక్కడే అందరూ మోసపోతారు. ఆ పేర్లు తలకిందులుగా పెట్టారు. "బూట్" అంటే విండోస్ ఫోల్డర్ ఉన్న చోటు. "సిస్టమ్" అంటే మెషీన్‌ని లేపే ఫైళ్లు ఉన్న చోటు. ఎవరు పెట్టారో గానీ, ఇన్నేళ్లయినా మార్చలేదు.

అంటే మీ మెషీన్ రోజూ హార్డ్ డిస్క్‌లోని ఆ 100 ఎంబీ ముక్కతో లేచి, అక్కడి నుంచి ఎస్‌ఎస్‌డీలోని విండోస్‌ని పిలుస్తోంది. 2019లో ఎస్‌ఎస్‌డీ పెట్టినాయన హార్డ్ డిస్క్ కేబుల్ తీయకుండా విండోస్ వేశారు. ఇన్‌స్టాలర్‌కి అక్కడ విండోస్ 7 నాటి యాక్టివ్ పార్టిషన్ దొరికింది, బూట్ ఫైళ్లు అందులోనే పడేసింది. మీరు ఇప్పుడు ఎస్‌ఎస్‌డీ ఒక్కటే తీసుకెళ్లి పెడితే ఏమీ లేవదు. రెండూ కలిపి పెట్టినా లేవదు, దానికి కారణం వేరే.

మీ కొత్త బోర్డు యూఈఎఫ్‌ఐ, అంటే మెషీన్‌ని లేపే కొత్త పద్ధతి. మీ డిస్క్ ఎంబీఆర్, పాత బయాస్ పద్ధతిలో లేచేది. ఆ పాత పద్ధతికి ఉన్న సీఎస్ఎం అనే సర్దుబాటుని 2020 నాటికి వదిలేస్తామని ఇంటెల్ 2017లోనే ప్రకటించింది. విడిగా గ్రాఫిక్స్ కార్డ్ లేకుండా ప్రాసెసర్ గ్రాఫిక్స్‌తోనే నడిపితే 12వ జనరేషన్ బోర్డుల్లో ఆ ఆప్షన్ మామూలుగా పనిచేయదు, బూడిద రంగులో కనిపిస్తుంది. కాబట్టి డిస్క్‌ని జీపీటీకి మార్చక తప్పదు. డేటా పోకుండా మార్చే పనిముట్టు విండోస్ 10లోనే ఉంది, 2017లో వచ్చిన 1703 వెర్షన్ నుంచి. పేరు ఎంబీఆర్2జీపీటీ. అయితే మార్చే డిస్క్‌లోనే బూట్ ఫైళ్లు ఉండాలి, పార్టిషన్ యాక్టివ్‌గా ఉండాలి. మీ ఎస్‌ఎస్‌డీలో ఆ రెండూ లేవు, అడిగిన వెంటనే కాదంటుంది.

నేనైతే ఇలా చేస్తాను. పాత మెషీన్ ఉన్నట్టుండి పడిపోతోంది కాబట్టి అందులో ఎక్కువసేపు పట్టే పని ఏదీ పెట్టను. రెండు నిమిషాల్లో అయ్యేవే అక్కడ చేస్తాను.

ముందు పాత బోర్డుతో వచ్చిన ఫ్యాన్ కంట్రోల్ లాంటి సాఫ్ట్‌వేర్ ఏమైనా ఉంటే అన్‌ఇన్‌స్టాల్ చేయండి. కొత్త బోర్డు మీద గొడవ చేసేవి డ్రైవర్ల కంటే ఇవే. తర్వాత కమాండ్ ప్రాంప్ట్‌ని అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచి బీసీడీబూట్ కమాండ్‌తో సీలోని విండోస్ ఫోల్డర్‌ని చూపించి, బూట్ ఫైళ్లు సీ మీదికే రాయమనండి. చోటు చెప్పడానికి స్లాష్ ఎస్, పద్ధతి చెప్పడానికి స్లాష్ ఎఫ్ పెట్టి బయాస్ అని. ఆ చోటు చెప్పకపోతే మళ్లీ ఆ 100 ఎంబీ ముక్కలోకే రాస్తుంది, జాగ్రత్త. తర్వాత డిస్క్ మేనేజ్‌మెంట్‌లో సీ మీద రైట్ క్లిక్ చేసి "మార్క్ పార్టిషన్ యాజ్ యాక్టివ్". ఇప్పుడు షిఫ్ట్ నొక్కి పట్టుకుని షట్‌డౌన్ చేయండి. అలా చేస్తేనే ఫాస్ట్ స్టార్టప్ పక్కకు తప్పుకుని పూర్తిగా ఆగుతుంది. హార్డ్ డిస్క్ కేబుల్ పీకేసి ఆన్ చేయండి. ఎస్‌ఎస్‌డీ ఒక్కదానితో విండోస్ వచ్చిందంటే సగం పని అయినట్టే.

మిగతాది కొత్త మెషీన్‌లో. ఎస్‌ఎస్‌డీ ఒక్కటే బిగించి, క్లోన్‌జిల్లా (డిస్క్‌ని ఉన్నదున్నట్టు కాపీ తీసే సాఫ్ట్‌వేర్) పెన్‌డ్రైవ్‌తో లేపి, మొత్తం డిస్క్ ఇమేజ్ ఒకటి బయటి డ్రైవ్‌లోకి తీసుకోండి. ఇది వదిలేయకండి. తర్వాత విండోస్ 10 ఇన్‌స్టాలేషన్ పెన్‌డ్రైవ్‌తో లేపండి. భాష అడిగే మొదటి తెర దగ్గర షిఫ్ట్, ఎఫ్10 నొక్కితే నల్ల కిటికీ వస్తుంది. అందులో ఎంబీఆర్2జీపీటీ, స్లాష్ వాలిడేట్, డిస్క్ నంబర్. సరే అంటే వాలిడేట్ బదులు కన్వర్ట్. అంతే. డిస్క్ నంబర్ మాత్రం డిస్క్‌పార్ట్‌లో లిస్ట్ డిస్క్ కొట్టి చూసుకున్నాకే ఇవ్వండి.

నెట్‌వర్క్ కార్డ్ డ్రైవర్ ముందే పెన్‌డ్రైవ్‌లో వేసి ఉంచుకోండి. కొత్త బోర్డుల్లోని 2.5 గిగాబిట్ పోర్టుకి విండోస్ 10లో డ్రైవర్ లేకపోవచ్చు.

నీలితెర రాశారు:

ల్యాప్‌టాప్ వాళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే నా కథ కూడా వినండి. పాత ల్యాప్‌టాప్ బోర్డు పోయింది. అందులోని ఎన్‌వీఎంఈ తీసి కొత్తదానిలో పెట్టాను. ఆన్ చేయగానే నీలం తెర మీద బిట్‌లాకర్ (విండోస్ డిస్క్‌కి వేసే తాళం) రికవరీ కీ అడిగింది. నేనెప్పుడూ బిట్‌లాకర్ పెట్టలేదే అనుకున్నా. మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో సైన్ ఇన్ అయితే చాలా ల్యాప్‌టాప్‌లలో ఎన్‌క్రిప్షన్ దానంతట అదే ఆన్ అవుతుందని అప్పుడు తెలిసింది. తాళం పాత బోర్డులోని టీపీఎం చిప్ దగ్గరే ఉండిపోయింది. ఫోన్‌లో మైక్రోసాఫ్ట్ అకౌంట్ తెరిస్తే కీ అక్కడ ఉంది, 48 అంకెలు. తెర మీది కీ ఐడీ మొదటి 8 అక్షరాలతో సరిచూసుకుని కొట్టాను.

లోపలికి వెళ్లిందో లేదో "ఇన్‌యాక్సెసిబుల్ బూట్ డివైస్". కొత్త ల్యాప్‌టాప్ బయాస్‌లో డిస్కులను నడిపే ఇంటెల్ వీఎండీ అనేది ఆన్‌లో ఉంది. 11వ జనరేషన్ నుంచి చాలా ల్యాప్‌టాప్‌లలో అలాగే వస్తోంది. పాత విండోస్‌లో దాని డ్రైవర్ లేదు. బయాస్‌లో ఆపేశాను. ఆపగానే మళ్లీ 48 అంకెలు అడిగింది. ఈసారి కళ్లజోడు పెట్టుకుని కొట్టా.

విండోస్ వచ్చింది. పిన్ పనిచేయలేదు! అదీ పాత టీపీఎంలోనే ఉండిపోయింది. మూడేళ్లుగా పిన్ తప్ప ఏమీ కొట్టలేదు, పాస్‌వర్డ్ గుర్తుంటే ఒట్టు. కొత్త పాస్‌వర్డ్ పెట్టుకునేసరికి తెల్లారింది. పాత మెషీన్ బతికి ఉండగానే బిట్‌లాకర్ సస్పెండ్ చేసి, కీ కాగితం మీద రాసుకుని, పాస్‌వర్డ్ ఒకసారి కొట్టి చూసుకోండి.

పెంగ్విన్‌పక్కింట్లో రాశారు:

లినక్స్‌లో ఈ గోల తక్కువ. పార్టిషన్లు యూయూఐడీతో (ఒక్కోదానికి ఉండే సొంత గుర్తింపు సంఖ్య) గుర్తుంటాయి కాబట్టి ఏ పోర్టులో పెట్టినా మౌంట్ అవుతాయి. రెండే చోట్ల తడబడతాం. యూఈఎఫ్‌ఐ బూట్ ఎంట్రీ డిస్క్‌లో కాదు, పాత బోర్డు మెమరీలో ఉంటుంది. కొత్త బోర్డుకి మన డిస్క్ ఎవరో తెలియదు. లైవ్ పెన్‌డ్రైవ్‌తో లేపి ఎంట్రీ మళ్లీ రాసుకోవాలి. రెండోది, నెట్‌వర్క్ కార్డ్ పేరు మారుతుంది. స్టాటిక్ ఐపీ పెట్టుకుంటే ఆ సెట్టింగ్ పాత పేరు కోసం వెతుక్కుంటూ ఉంటుంది. మానిటర్ లేకుండా సర్వర్ నడిపేవాళ్లు ఇది ముందే చూసుకోండి.

పేజీలమనిషి రాశారు:

స్క్రూడ్రైవర్ గారూ, నిన్న సాయంత్రం మొదలుపెట్టాను. బీసీడీబూట్ ఒక్క లైన్‌లో అయిపోయింది, యాక్టివ్ కూడా చేశాను. కేబుల్ పీకి ఆన్ చేస్తే విండోస్ లేచింది. కానీ డెస్క్‌టాప్ మీద ఏమీ లేదు. ఖాళీ. పైగా ఆ చోటు అందుబాటులో లేదని ఒక మెసేజ్. నిజం చెప్తున్నా, కాళ్లు వణికాయి. 312 పేజీల పుస్తకం ఫోల్డర్ ఆ డెస్క్‌టాప్ మీదే ఉండాలి.

స్క్రూడ్రైవర్ రాశారు:

మెసేజ్‌లో డీ అని ఉందా?

పేజీలమనిషి రాశారు:

ఉంది. ఇప్పుడు గుర్తొచ్చింది. ఎస్‌ఎస్‌డీ చిన్నదని డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్ రెండూ డీలోకి మార్చుకున్నది నేనే. డీ ఉన్నది నేను పీకేసిన హార్డ్ డిస్క్‌లో. అరగంట టెన్షన్ ఊరికే పడ్డాను.

స్క్రూడ్రైవర్ రాశారు:

అయితే ఆ డిస్క్‌లోని పుస్తకం ఫోల్డర్ కూడా వేరే చోటికి కాపీ తీసుకోండి. ఎస్‌ఎస్‌డీ ఇమేజ్‌లో అది రాదు.

పేజీలమనిషి రాశారు (మూడు రోజుల తర్వాత):

ఈ మెసేజ్ కొత్త మెషీన్ నుంచే రాస్తున్నాను. ఏం జరిగిందో వరసగా చెప్తాను, ఎవరికైనా పనికొస్తుంది.

క్లోన్‌జిల్లా తెరలు చూసి మొదట భయపడ్డాను, ఆ నీలం, బూడిద రంగు పెట్టెలు పాత డాస్ రోజుల్ని గుర్తు చేశాయి. ఏ డిస్క్ నుంచి ఏ డిస్క్‌కి అన్నది మూడుసార్లు చదివి ఎంటర్ కొట్టాను. ఇమేజ్‌కి నలభై నిమిషాలు పట్టింది. తర్వాత విండోస్ పెన్‌డ్రైవ్, షిఫ్ట్ ఎఫ్10. వాలిడేట్ సరే అంది. కన్వర్ట్ కొట్టి కుర్చీలో సర్దుకుని కూర్చున్నాను, పెద్ద పని కదా అని. నిమిషం కూడా కాలేదు. సీ నుంచి కొంచెం కోసుకుని కొత్త ఈఎఫ్‌ఐ పార్టిషన్ అదే చేసుకుంది. చివర్లో ఫర్మ్‌వేర్‌ని యూఈఎఫ్‌ఐకి మార్చాలని ఒక హెచ్చరిక ఇచ్చింది. మన బోర్డు ఎలాగూ అదే.

రీస్టార్ట్. చుక్కలు గుండ్రంగా తిరుగుతూ "గెటింగ్ డివైసెస్ రెడీ" అని శాతాలు లెక్కపెట్టింది. 64 దగ్గర ఆగి, తెర నల్లబడి, మళ్లీ లేచింది. ఎక్స్‌పీ రాత్రి కళ్ల ముందు తిరిగింది. కానీ మామూలుగానే లాగిన్ తెర వచ్చింది. అక్షరాలు ఇంత లావున ఉన్నాయి, గ్రాఫిక్స్ డ్రైవర్ లేక. నెట్ రాలేదు, మీరు చెప్పినట్టే. డ్రైవర్ పెన్‌డ్రైవ్‌లో వేసుకున్నాను గానీ, తొందరలో వైఫైది వేసుకున్నాను. నా బోర్డుకి వైఫైయే లేదు. ఫోన్‌ని యూఎస్‌బీ కేబుల్‌తో పెట్టి టెథరింగ్ ఆన్ చేస్తే డ్రైవర్ ఏదీ అడక్కుండా నెట్ వచ్చింది. మిగతావన్నీ దాని మీద దించుకున్నాను.

షట్‌డౌన్ చేసి హార్డ్ డిస్క్ కలిపాను. డీ అదే అక్షరంతో వచ్చింది, డెస్క్‌టాప్ నిండింది. డాంగిల్ పెట్టగానే ఎర్ర లైటు వెలిగింది. పేజ్‌మేకర్‌లో పుస్తకం తెరిచి నేరుగా 187వ పేజీకి వెళ్లాను. అందులో ఒక పద్యం ఉంది, నాలుగో పాదం చివర రెండు వత్తులున్న అక్షరం. ఫాంట్ తేడా ఉంటే ముందు అదే పట్టిస్తుంది. పాత ప్రూఫ్ కాగితం పక్కన పెట్టి స్కేల్‌తో కొలిచాను. వెంట్రుకవాసి కూడా జరగలేదు.

ఒక్క లోటు. తెర మూలన విండోస్ యాక్టివేట్ చేయమని రాత వచ్చింది. ట్రబుల్‌షూటర్‌లో హార్డ్‌వేర్ మార్చానని చెప్పినా ఒప్పుకోలేదు. ఆ 100 ఎంబీ ముక్కని ఇప్పుడు తీసేయొచ్చా?

స్క్రూడ్రైవర్ రాశారు:

అభినందనలు. లైసెన్స్ ఒప్పుకోకపోవడం మామూలే. మెషీన్‌తో పాటు వచ్చిన ఓఈఎం విండోస్ 7 నుంచి ఉచితంగా అప్‌గ్రేడ్ అయింది మీది, అది ఆ బోర్డుకే కట్టుబడి ఉంటుంది. విడిగా కొన్న రిటైల్ లైసెన్స్ అయితే వెంట వచ్చేది. కొత్తది కొనుక్కోవాల్సిందే, దానికి అడ్డదారులు వెతక్కండి. కొనేటప్పుడు ఇప్పుడున్నది హోమా ప్రోనా చూసుకుని అదే తీసుకోండి.

ఎలాగూ కొంటున్నారు కాబట్టి ఇంకో మాట. విండోస్ 10కి మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో అయిపోయింది. మీ డిస్క్ ఇప్పుడు జీపీటీ, బోర్డు బయాస్‌లో ఇంటెల్ పీటీటీ ఆన్ చేస్తే టీపీఎం 2.0 కూడా ఉన్నట్టే. ప్రోగ్రాములు, ఫాంట్లు కదలకుండా పైనుంచే 11కి వెళ్లొచ్చు. కానీ ఈ పుస్తకం అచ్చుకి వెళ్లేదాకా ముట్టుకోకండి. వెళ్లే ముందు ఇంకో ఇమేజ్ తీయండి.

100 ఎంబీ ముక్క అలాగే ఉండనివ్వండి. యూఈఎఫ్‌ఐ దాన్ని పట్టించుకోదు. అది తీసేయబోయి పక్కనున్న డీ తీసేసినవాళ్లు నాకు తెలుసు.

క్లీన్‌స్లేట్ రాశారు:

సార్, ఒప్పుకుంటున్నా. పాత డ్రైవర్ల చెత్త మాత్రం డివైస్ మేనేజర్‌లో "షో హిడెన్ డివైసెస్" కొడితే బూడిద రంగులో కనిపిస్తుంది, చూడండి.

పేజీలమనిషి రాశారు:

చూశాను బాబూ. 2014 నాటి ప్రింటర్ కూడా ఉంది అందులో. ఉండనీ, పాపం.